బొట్టు గుండ్రంగా ఉందా?

పోయిన వేసవిలో అమ్మ మా ఇంటికి వచ్చింది. మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో. నాన్న పోయాక అమ్మ ఒక్కతే చేసిన మొదటి ప్రయాణం అది. ఆరు నెలలు ఎలా గడుస్తాయోనని తెలుగు చానళ్ల బాక్సు పెట్టించాను. హాల్లో రెండేళ్ల కిందట కొన్న 75 అంగుళాల టీవీ ఎలాగూ ఉంది. ఇంకేం, అమ్మ కాలక్షేపానికి ఢోకా లేదనుకున్నాను.

వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం ‘మాయాబజార్’ వేశారు. పైగదిలో ఆఫీసు మీటింగు ముగించుకుని నేను కిందికి దిగేసరికి టీవీ కట్టేసి ఉంది. అమ్మ వంటింట్లో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

“అదేంటమ్మా, మాయాబజార్ వస్తుంటే కట్టేశావ్?”

“అది మాయాబజార్ కాదురా. అందర్నీ అప్పడాల కర్రతో ఒత్తినట్టుంది. ఆడాళ్ల బొట్లు చూడు, కోడిగుడ్డు పడుకోబెట్టినట్టున్నాయి. చూడబుద్ధి కాలేదు.”

పక్కనే ఉన్న మా పదేళ్లవాడు అందుకున్నాడు. “డాడీ, పాత సినిమాల్లో అందరూ ఎందుకంత లావుగా, పొట్టిగా ఉంటారు?”

నేను 18 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. అదే టీవీలో రెండేళ్లుగా పాత సినిమాలు చూస్తున్నాను. నా కంటికి ఏ తేడా కనిపించలేదు. డెబ్భై దాటిన అమ్మకి ఐదు నిమిషాల్లో కనిపించింది. సిగ్గేసింది. ఈ నాలుగు మాటలూ ఆ సిగ్గుతో రాస్తున్నవే.

చెప్పదలచుకున్నది ఒక్కటే. టీవీలో బొమ్మ తెర నిండా ఉండక్కర్లేదు, ఉన్నదున్నట్టు ఉంటే చాలు. తెర నింపాలనే తాపత్రయంలో మన పాత సినిమాల్నీ, అంతకంటే ముఖ్యంగా మన ఇంటివాళ్ల పాత వీడియోల్నీ చేజేతులా పాడు చేసుకుంటున్నాం. ఆ పాడైనదాంట్లో కొంత రిమోట్‌తో ఒక్క నిమిషంలో బాగవుతుంది. కొంత మాత్రం పోతే ఇక రాదు.

నల్ల పట్టీలు లోపం కాదు

‘మాయాబజార్’ 1957 నాటి సినిమా. అప్పటి ఫ్రేము దాదాపు 4:3, అంటే వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు. మన చిన్నప్పటి డబ్బా టీవీ కూడా అదే ఆకారం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. స్కోప్‌లో వెడల్పు ఎత్తుకి రెండింతల పైమాటే, 2.35 రెట్లు. ఇప్పుడు మన గోడ మీదున్న టీవీ ఈ రెండూ కాదు. దాని కొలత 16:9, రెంటికీ మధ్యస్థం.

కాబట్టి ఏ పాత బొమ్మా ఈ తెరకి అచ్చంగా సరిపోదు. 4:3 బొమ్మ వేస్తే అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి, తెరలో పావు వంతు ఖాళీగా ఉంటుంది. స్కోప్ సినిమా వేస్తే పైనా కిందా పట్టీలు వస్తాయి, అక్కడా దాదాపు పావు వంతు ఖాళీయే. ఆ ఖాళీ టీవీ లోపమూ కాదు, సినిమా లోపమూ కాదు.

“ఇంత డబ్బు పోసి ఇంత టీవీ కొన్నది నల్ల పట్టీలు చూడ్డానికా?” అని మా మిత్రుడొకడు దెప్పాడు. న్యాయంగానే అనిపిస్తుంది. అందుకే చాలామంది రిమోట్ నొక్కీ నొక్కీ తెర నిండే దాకా వదలరు. తెర నింపడానికి ఉన్నవి రెండే దారులు. ఒకటి సాగదీయడం. 4:3 బొమ్మని 16:9కి సాగదీస్తే ప్రతి మనిషీ మూడోవంతు లావెక్కుతాడు. రెండోది పెద్దది చేసి అంచులు కోసేయడం. అప్పుడు మనుషులు సరిగ్గానే ఉంటారు కానీ బొమ్మ ఎత్తులో పావు వంతు పోతుంది. తలలో, పాదాలో తెగుతాయి. మార్కస్ బార్ట్‌లీ లాంటి ఛాయాగ్రాహకుడు ఎవరెక్కడ నిలబడాలో, తల మీద ఎంత జాగా ఉండాలో చూసుకుని పెట్టిన ఫ్రేములో పావు వంతుని మనం సోఫాలో కూచుని తీసి పారేస్తున్నామన్నమాట. పెళ్లి భోజనానికి పెద్ద విస్తరి వేశారని కూరలో నీళ్లు పోసి విస్తరి నింపుతామా?

పట్టీలతో చూస్తే తెర పాడైపోతుందేమోనని ఇంకో భయం ఉంది. ఓఎల్ఈడీ తెర మీద రోజుల తరబడి, గంటల కొద్దీ ఒకే ఆకారం బొమ్మ వేస్తూ ఉంటే తెర అరుగుదలలో తేడా రావచ్చన్నది నిజమే. అయితే రోజుకో పాత సినిమా, మిగతా సమయంలో వార్తలు, క్రికెట్ చూసే ఇంటికి ఆ బెంగ అక్కర్లేదు.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

ఆ రాత్రి టీవీ ముందు కూచున్నాను. అమ్మ మాటే నాకు కొలబద్ద అయింది. తెర మీద గుండ్రంగా ఉండాల్సిన వస్తువు ఏదైనా పట్టుకోవాలి. బొట్టు, గోడ గడియారం, పళ్లెం, బండి చక్రం, ఏదైనా సరే. అది అడ్డంగా కోడిగుడ్డులా ఉంటే బొమ్మని సాగదీశారు. నిలువుగా ఉంటే నొక్కేశారు. గుండ్రంగానే ఉండి తలలు తెగుతుంటే కోసేశారు. గుండ్రంగా ఉండి పట్టీలు కనిపిస్తున్నాయంటే అంతా బాగున్నట్టే. రిమోట్ కింద పెట్టేయండి.

తర్వాత తప్పు ఎవరిదో తేల్చాలి. మా ఇంట్లో తేల్చిన పద్ధతి ఇది. బాక్సు, యాప్, డీవీడీ ప్లేయరు, ఏది పెట్టినా బొమ్మ వంకరగా ఉంటే తప్పు టీవీ సెట్టింగుది. ఒక్క బాక్సులోనే వంకరగా ఉంటే ఆ బాక్సుదీ, అది తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్టుదీ. చాలా టీవీలు ఒక్కో పోర్టుకి ఒక్కో సెట్టింగు విడిగా గుర్తుపెట్టుకుంటాయి. ఒక పోర్టులో సరిచేశాం కదా అని రెండోది దానంతటది మారదు. ఇక బాక్సు మెనూ, మిగతా చానళ్లు చక్కగా ఉండి ఒక్క సినిమానే వంకరగా వస్తుంటే ఆ తప్పు పంపినవాళ్లది.

టీవీలో ఈ సెట్టింగు ఒక్కో కంపెనీకి ఒక్కో పేరుతో ఉంటుంది. శాంసంగ్‌లో పిక్చర్ సైజ్, ఎల్‌జీలో యాస్పెక్ట్ రేషియో, సోనీలో వైడ్ మోడ్. లోపలికి వెళ్తే స్ట్రెచ్, జూమ్, 4:3, 16:9, ఒరిజినల్ లాంటివి కనిపిస్తాయి. మామూలుగా 16:9 గానీ ఒరిజినల్ గానీ పెట్టి వదిలేయాలి. స్ట్రెచ్, జూమ్ జోలికి పోకూడదు. డీవీడీ ప్లేయరులో అయితే ‘టీవీ టైప్’ అని ఒకటుంటుంది, దాన్ని 16:9 చేయాలి. పాత ప్లేయరులో అది 4:3 దగ్గరే ఉండిపోయి ఉంటుంది.

వార్తా చానల్లో కింద నడిచే అక్షరాలు సగం తెగిపోతున్నాయా? దాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. డబ్బా టీవీల కాలంలో అంచులు వంకరగా ఉండేవి కాబట్టి చుట్టూ కొంచెం కోసి చూపించేవారు. ఆ అలవాటు కొన్ని కొత్త టీవీల్లోనూ మిగిలిపోయింది. శాంసంగ్‌లో ఫిట్ టు స్క్రీన్, ఎల్‌జీలో జస్ట్ స్కాన్ ఆన్ చేస్తే తెగిన అక్షరాలు తిరిగొస్తాయి. నేను చేయగానే అమ్మ “అబ్బో, కింద ఇంత రాస్తున్నారా!” అంది.

జూమ్ సరైన మందు అయ్యే జబ్బు కూడా ఒకటుంది. కొన్ని పాత డీవీడీల్లో స్కోప్ సినిమాని ముందు 4:3 డబ్బాలో పెట్టి, పైనా కిందా నల్ల పట్టీలు అందులోనే కలిపి ముద్రించారు. దాన్ని ఇప్పటి టీవీలో వేస్తే నాలుగు వైపులా నలుపు, మధ్యలో తపాలా బిళ్లంత బొమ్మ. అక్కడ జూమ్ నొక్కితే కోత పడేది నలుపుకే, బొమ్మకి కాదు. సినిమా అయిపోగానే జూమ్ తీసేయడం మరచిపోవద్దు. మా ఇంట్లో ఒకటి రెండుసార్లు అదీ జరిగింది.

ఇంకొక్క మాట. బొమ్మ ఆకారం సరిగ్గానే ఉన్నా, పాత సినిమా మరీ నున్నగా, సీరియల్ తీసినట్టు కనిపిస్తోందా? సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములతో. టీవీ మధ్యలో తను కొన్ని ఫ్రేములు కల్పించి చేరుస్తుంది. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్ స్వయంగా వీడియో పెట్టి, ఇంట్లో టీవీల్లో దాన్ని ఆపేయండి బాబూ అని ప్రేక్షకుల్ని కోరాడు. మరుసటి ఏడాది టీవీ కంపెనీలూ స్టూడియోలూ కలిసి ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ప్రకటించాయి. అది ఈ కల్పిత ఫ్రేముల్ని ఆపుతుంది, బొమ్మ అసలు ఆకారాన్నీ కాపాడుతుంది. మీ టీవీలో ఉంటే సినిమా చూసేటప్పుడు ఆన్ చేసుకోండి. బొమ్మ సరిగ్గా ఉండాలనుకోవడం ఛాదస్తమైతే, ఆ ఛాదస్తం మా అమ్మ ఒక్కదానిదే కాదు.

అక్క పెళ్లి క్యాసెట్టు

ఇంతవరకూ సినిమా సంగతి. సినిమాకి ఇంకో కాపీ ఎక్కడో ఉంటుంది. ఇంట్లో తీసుకున్న వీడియోకి ఉండదు.

1993లో తెనాలిలో అక్క పెళ్లి. నాన్న కదులుతూ, మాట్లాడుతూ కనిపించే వీడియో మాకు ప్రపంచంలో అదొక్కటే. పెళ్లికొడుకు కాళ్లు కడిగేటప్పుడూ, తర్వాత బంతిలో నెయ్యి వడ్డిస్తూనూ కనిపిస్తాడు. మొత్తం నాలుగు నిమిషాలు.

ఆ క్యాసెట్టుకి పెద్ద కథే ఉంది. అక్క అమెరికా వచ్చేటప్పుడు తెచ్చుకుంది, తీరా ఇక్కడి వీసీఆర్‌లో బొమ్మ నిలవలేదు. మన దగ్గర పాల్ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు, 625 గీతలు. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ, దాదాపు 30 ఫ్రేములు, 525 గీతలు. దుబాయ్‌లోనో బ్రిటన్‌లోనో మలేసియాలోనో ఉన్నవాళ్లకి ఈ తిప్పలు లేవు, అక్కడా పాల్ పద్ధతే. తొంభైల్లో ఇక్కడికి వచ్చినవాళ్లకి మాత్రం గుర్తుండే ఉంటుంది. మల్టీ సిస్టమ్ వీసీఆర్ ఉన్న ఇల్లు ఎక్కడుందా అని వాకబు చేసి, శనివారం సాయంత్రం క్యాసెట్టు చంకలో పెట్టుకుని వెళ్లేవాళ్లు.

తర్వాత అక్క దాన్ని ఇక్కడే ఒక షాపులో ఇచ్చి కంప్యూటర్ ఫైలు చేయించింది. క్యాసెట్టు మళ్లీ ఇంటికి చేరింది. నాన్న పోయాక మా బంధువొకాయన మంచి మనసుతోనే దాన్ని ఊళ్లో ఒక స్టూడియోకి తీసుకెళ్లి ‘ఫుల్ స్క్రీన్ హెచ్‌డీ’గా మార్పించి పెన్‌డ్రైవ్‌లో పెట్టించాడు. అన్నీ ఇందులో ఉన్నాయి కదా అని, బూజు పట్టిన క్యాసెట్టు పారేశారు.

అమ్మ ఆ పెన్‌డ్రైవ్ పర్సులో పెట్టుకుని ఇర్వింగ్ దాకా తెచ్చింది. టీవీకి తగిలించాం. తెర నిండా బొమ్మ. బంతి భోజనాలు వచ్చాయి. నేతి గిన్నె పట్టుకుని నాన్న నడుస్తూ వచ్చాడు. భుజాలు, చేతులు, గిన్నె, మీసం దాకా కనిపిస్తున్నాయి. కళ్లు లేవు. తెర పైఅంచు దగ్గర మొహం తెగిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. లేచి నీళ్లు తాగొచ్చి కూచుంది.

రిమోట్‌లో ఎన్ని నొక్కినా ఆ కళ్లు రాలేదు. రావు. ఫైలులోనే లేనిదాన్ని టీవీ ఎక్కణ్నుంచి తెస్తుంది?

అప్పుడు అక్క దగ్గరున్న పాత ఫైలు గుర్తొచ్చింది. పంపించమన్నాను. అందులో నాన్న ఉన్నాడు, కానీ ఆ షాపువాళ్లు దాన్ని తెర నిండా సాగదీసి చేశారు. సన్నగా ఉండే మనిషి వస్తాదులా ఉన్నాడు. అయితే సాగదీసిన బొమ్మలో ఏదీ పోదు. టీవీలో 4:3 నొక్కగానే రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చి, బొమ్మ మధ్యలోకి సర్దుకుంది. అక్క నుదుటి మీద బొట్టు గుండ్రంగా అయింది. అమ్మ ముందుకి వంగి, “ఇదిగో, ఇప్పుడు మీ నాన్న” అంది.

అందుకే అంటున్నాను. సాగదీసినదాన్ని సరిదిద్దవచ్చు. కోసేసినదాన్ని ఎవరూ అతికించలేరు. మా ఇంట్లో నాన్న మొహం మిగలడం మా గొప్ప కాదు. రెండు కాపీల్లో ఒకటి తక్కువ తప్పుది కావడం మా అదృష్టం.

ఎవరేం చేయాలి

ముందు మన వంతు. ఇంటి దగ్గర బీరువాలో ఇంకా క్యాసెట్టు ఉంటే ఈసారి వెళ్లినప్పుడు ఆ పని చేయించండి. వాయిదా వేయకండి. మన కోస్తా ఉక్కకి టేపుకి బూజు పట్టడం ఎంతసేపు! వాటిని ఆడించే యంత్రాలూ కొత్తవి రావు. చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. స్టూడియోవాళ్లకి మూడు మాటలు కాగితం మీద రాసివ్వండి: 4:3లోనే కావాలి, సాగదీయొద్దు, కోయొద్దు. ‘ఫుల్ స్క్రీన్ చేసిస్తాం సార్’ అంటే వద్దనండి. వచ్చిన ఫైలుని టీవీలో వేసి బొట్టు చూడండి, తలలు చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా సరే, క్యాసెట్టు మాత్రం పారేయొద్దు. ఇప్పటికే సాగదీసిన ఫైలు ఉంటే కంగారు పడక్కర్లేదు. టీవీలో 4:3 పెట్టండి, లేదా కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయరులో తెరిచి కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘ఎ’ మీట నొక్కుతూ పోండి, ఆకారాలు ఒక్కొక్కటిగా మారతాయి.

రెండోది మన సంఘాల వంతు. ఉగాది, సంక్రాంతి సంబరాల్లో పాత పాటలు పెద్ద తెర మీద వేస్తారు. ల్యాప్‌టాప్ తగిలించిన కుర్రాడు తెర నింపడమే తన పని అనుకుంటాడు. ఘంటసాల పాటకి కళ్లు తుడుచుకునే పెద్దల పక్కనే పిల్లలు తెర మీద పొట్టి మనుషుల్ని చూసి నవ్వుతుంటారు. పిల్లల తప్పు కాదు. ‘పాతది’ అంటే ‘వికారమైనది’ అని మనమే నేర్పుతున్నాం. హాలు అలంకరణకి పెట్టే శ్రద్ధలో వందో వంతు, ఐదు నిమిషాలు, ప్రొజెక్టర్ సెట్టింగుకి పెడితే చాలు.

మూడోది చానళ్లు, యాప్‌లు, పాత సినిమాలు అప్‌లోడ్ చేసే కంపెనీల వంతు. వాళ్లే సాగదీసి, వాళ్లే కోసి పంపితే మన రిమోట్ ఏం చేస్తుంది? “జనం తెర నిండా ఉండాలనే అడుగుతున్నారు” అన్నది వాళ్ల జవాబు. జనం ఇంకో మాట కూడా అడగొచ్చని అమెరికాలోనే రుజువైంది. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు ‘ది సింప్సన్స్’ పాత ఎపిసోడ్లని అంచులు కోసి 16:9లో పెట్టారు. అందులో ఒక దృశ్యం ఉంది. మూడు రకాల బీరని చెప్పుకునే మూడు పీపాల్లోకీ సరుకు ఒకే గొట్టంలోంచి వస్తుంటుంది. జోకంతా ఆ గొట్టంలోనే ఉంది. పైభాగం కోసేసరికి గొట్టం పోయింది, జోకూ పోయింది. అభిమానులు ఊరుకోలేదు, గోల పెట్టారు. 2020 మేలో అసలు 4:3 ఆకారంలో చూసే వీలు ఇచ్చారు.

ఒక కార్టూన్‌లో గొట్టం కోసం వాళ్లు అంత పట్టుబట్టారు. మన ‘మాయాబజార్’ కోసం, ‘పాతాళ భైరవి’ కోసం మనం ఒక్క ఈమెయిలు రాశామా? చందా కడుతున్నాం. అడిగే హక్కుంది. ‘పాత సినిమాల్ని అసలు ఆకారంలో ఇవ్వండి, కావాలంటే సాగదీసుకునే మీట మాకు వదిలేయండి’ అని అడుగుదాం. సాగదీసి చూడాలనుకునేవాళ్లకి ఆ వీలు ఎలాగూ ఉంటుంది. అసలుది చూడాలనుకునేవాళ్లకే ఇప్పుడు దారి లేదు.

అమ్మ నవంబరులో తెనాలి వెళ్లిపోయింది. వెళ్లే ముందు మావాడితో కూచుని ‘మాయాబజార్’ మొత్తం చూసింది, రెండు పక్కలా పట్టీలతోనే. వాడు లావు గురించి అడగలేదు. ఘటోత్కచుడు అన్ని లడ్డూలు నిజంగా తిన్నాడా అని అడిగాడు.

ఇవాళ రాత్రి టీవీ పెట్టినప్పుడు ఒక్క క్షణం తెర మీద బొట్టు వంక చూడండి. గుండ్రంగా లేకపోతే రిమోట్ మీ చేతిలోనే ఉంది.